మోటార్‌హోమ్‌కి ఎలక్ట్రిక్ హీటర్ ఎంచుకోవడం ఎలా: ముందు ప్లగ్గు, ఆ తర్వాతే హీటర్

ఇంటికి హీటర్ కొనేటప్పుడు గది ఎంత పెద్దదో చూస్తాం. లోపలే వండుకుని, పడుకుని ప్రయాణించే బండికి, అంటే మోటార్‌హోమ్‌కి, ఆ లెక్క పనికిరాదు. బండిలో ఎంత వేడి కావాలన్నది రెండో ప్రశ్న. ఎంత కరెంటు దొరుకుతుంది, ఆ కరెంటుని లోపలి వైర్లు రాత్రంతా ఎంతవరకు మోయగలవు అన్నదే మొదటి ప్రశ్న. చాలామంది హీటర్ తెచ్చుకున్నాక, మొదటి చలిరాత్రి బ్రేకర్ పడిపోయాక ఈ లెక్క మొదలుపెడతారు. మీరు కొనకముందే చేసేయండి. కాగితం, పెన్ను, ఒక థర్మామీటర్ ఉంటే చాలు.

1. కరెంటు ఎంత వస్తుందో తేల్చుకోండి

వోల్టుల్ని ఆంపులతో గుణిస్తే వాట్లు. ఈ ఒక్క గుణకారంతోనే సగం పని అయిపోతుంది.

అమెరికా, కెనడాల్లో సరఫరా 120 వోల్టులు. అక్కడ 30 ఆంపుల హుకప్ (ఆగిన చోట బండికి కరెంటు ఇచ్చే పాయింటు) అంటే 3600 వాట్లు. 50 ఆంపుల హుకప్‌లో రెండు లైన్లు వస్తాయి, ఒక్కోదానికి 6000 వాట్లు, మొత్తం 12,000. సరఫరా 230 వోల్టులుండే దేశాల్లో 16 ఆంపుల పాయింటు 3680 వాట్లు ఇస్తుంది, 10 ఆంపులది 2300, 6 ఆంపులదైతే 1380 మాత్రమే. అంటే 6 ఆంపుల పాయింటు దగ్గర 2000 వాట్ల హీటర్ వేస్తే, బండిలో ఇంకేమీ నడవకపోయినా బ్రేకర్ నిలబడదు.

ఇప్పుడు హీటర్ కాకుండా రాత్రిపూట నడిచేవన్నీ రాయండి. కరెంటుతో పనిచేసే నీళ్ల హీటర్ సుమారు 1400 వాట్లు. గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే ఫ్రిజ్ 300 నుంచి 400. బ్యాటరీ చార్జర్, బ్యాటరీ బాగా దిగిపోయి ఉంటే, కొన్ని వందల వాట్లు లాగుతుంది. మైక్రోవేవ్ మీద 1000 వాట్లు అని రాసి ఉంటే అది వంటకి అందే శక్తి. గోడ నుంచి లాగేది దాదాపు 1500. 30 ఆంపుల లైను మీద 1500 వాట్ల హీటర్, నీళ్ల హీటర్, ఫ్రిజ్ కలిస్తేనే 3200 నుంచి 3300 అవుతుంది. ఆ సమయంలో ఎవరైనా పాలు వేడిచేద్దామని మైక్రోవేవ్ నొక్కితే బండి చీకటైపోతుంది. అందుకే నీళ్ల హీటర్‌ని గ్యాస్ మీదికి మార్చడమో, స్నానాలయ్యాక ఆపేయడమో ముందే నిర్ణయించుకోండి. గది హీటర్‌కి మిగిలే వాట్లు అప్పుడు తెలుస్తాయి.

అడాప్టర్ పెట్టి చిన్న పాయింటుకి పెద్ద కేబుల్ తగిలించినంత మాత్రాన ఆంపులు పెరగవు. 50 ఆంపుల బండిని 30 ఆంపుల పాయింటుకి కలిపితే మీకు 3600 వాట్లే.

బ్యాటరీ మీద హీటర్ నడుపుదామన్న ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉన్నది 1200 వాట్-అవర్లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు. 1000 వాట్ల హీటర్‌ని ఇన్వర్టర్ మీద పెడితే అరగంటలో ఆ సగం అయిపోతుంది. హుకప్ లేని చోట గ్యాస్ లేదా డీజిల్ హీటరే దారి.

మీటరు చూసి బిల్లు వేసే చోట ఆగేవాళ్లకి ఇంకో అంకె: 1500 వాట్లు పది గంటలు ఆగకుండా నడిస్తే 15 యూనిట్లు.

2. ఏ సాకెట్ ఏ బ్రేకర్ కింద ఉందో గుర్తు పెట్టుకోండి

బయట నుంచి 3600 వాట్లు వచ్చినా ఒక్క సాకెట్ నుంచి అంతా లాగలేరు. బండిలో నాలుగైదు సాకెట్లు ఒకే 15 ఆంపుల బ్రేకర్ కింద ఉండటం మామూలే. ఒక్కో బ్రేకర్ ఆపి, ఏ సాకెట్లు పోయాయో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. అట్ట ముక్క మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అతికించండి. పావుగంట పని, బండి ఉన్నన్నాళ్లూ పనికొస్తుంది.

గంటల తరబడి నడిచే లోడు బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతం దాటకూడదన్నది ఎలక్ట్రీషియన్లు పాటించే నియమం. 15 ఆంపులకి అది 12 ఆంపులు. 120 వోల్టుల దగ్గర 1500 వాట్ల హీటర్ 12.5 ఆంపులు లాగుతుంది, అంటే గీత దాటేసినట్టే. రాత్రంతా నడపాలంటే దాన్ని 1000 వాట్ల దగ్గరో, ఇంకా తక్కువ దగ్గరో పెట్టాలి. కాబట్టి కొనే హీటర్‌కి కనీసం రెండు స్థాయిలు ఉండాలి. ఒకే స్థాయిలో 1500 వాట్లు కక్కేది బండికి పనికిరాదు.

నా సలహా అడిగితే పెద్దది ఒకటి కొనేకన్నా చిన్నవి రెండు కొని, వేర్వేరు బ్రేకర్ల మీద, బండికి ముందొకటి వెనకొకటి పెట్టుకోండి. వెనక పడకగది, ముందు కూర్చునే చోటు ఒకేలా వెచ్చగా ఉంటాయి. ఒక వైరు మీద భారం సగమవుతుంది. ఒకటి పాడైనా రెండోది ఉంటుంది.

3. మీ బండికి ఎన్ని వాట్లు కావాలో కొలవండి

ఇంత పొడవు బండికి ఇన్ని వాట్లు అని చెప్పే పట్టికల మీద నాకు నమ్మకం లేదు. గోడలో ఫోమ్ ఎంత మందం, కిటికీలు ఒక పొరా రెండు పొరలా, స్లైడవుట్ (ఆగాక పక్కకి జరిపి గదిని పెంచుకునే భాగం) రబ్బర్లు ఎంత పాతబడ్డాయి అన్న వాటిని బట్టి ఒకే పొడవున్న రెండు బళ్లకి చాలా తేడా వస్తుంది. మీ బండినే అడగండి.

ఎవరి దగ్గరైనా 750 వాట్ల స్థాయి ఉన్న హీటర్ అడిగి తెచ్చుకోండి. చలి ఉన్న రోజు, చీకటి పడ్డాక, మీరు మేలుకుని ఉన్నప్పుడే థర్మోస్టాట్‌ని చివరిదాకా తిప్పి, హీటర్ మధ్యలో ఆగకుండా నాలుగైదు గంటలు నడవనివ్వండి. మిగతా హీటింగ్ అంతా ఆపేయండి. లోపలి ఉష్ణోగ్రత ఇక పెరగని దగ్గర లోపల ఎంత, బయట ఎంత అని రాసుకోండి. లోపల 12 డిగ్రీలు, బయట 2 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. తేడా 10. అంటే మీ బండికి డిగ్రీకి 75 వాట్లు కావాలి. బయట మైనస్ 2 ఉన్న రాత్రి లోపల 18 ఉండాలంటే తేడా 20, కావలసినవి 1500 వాట్లు. గాలి గట్టిగా వీస్తే ఈ లెక్క పెరుగుతుంది కాబట్టి పావు వంతు ఎక్కువ వేసుకోండి.

ఇలా వచ్చిన అంకెని మొదటి అడుగులో మిగిలిన వాట్లతో పోల్చండి. కావలసింది మిగిలినదానికంటే తక్కువైతే ఎలక్ట్రిక్ హీటర్‌తోనే గడిచిపోతుంది. ఎక్కువైతే ఎంత మంచి హీటర్ కొన్నా చాలదు; ఫర్నేస్ (బండిలోనే బిగించి ఉండే గ్యాస్ హీటర్) తోడు కావాల్సిందే. ఒక 1500 వాట్ల హీటర్ గంటకి ఇచ్చే వేడి సుమారు 5,100 బి.టి.యు. (వేడిని కొలిచే ఒక ప్రమాణం). బండిలోని ఫర్నేస్ 30,000 బి.టి.యు.లదైతే, హీటర్ దానిలో ఆరో వంతు.

4. కొనేముందే వేడి పోయే దారులు మూయండి

బండి ముందు అద్దాన్ని చూడండి. రెండు చదరపు మీటర్లుండే ఒకే పొర గాజు. అలాంటి గాజు ఒక్కో చదరపు మీటరు నుంచి, ఒక్కో డిగ్రీ తేడాకి, ఆరు వాట్ల దాకా బయటికి వదిలేస్తుంది. లోపలికీ బయటికీ 20 డిగ్రీల తేడా ఉంటే ఆ అద్దం నుంచే 240 వాట్లు పోతున్నాయి. చిన్న హీటర్ పెట్టే శ్రమలో మూడో వంతు అది. డ్రైవర్ సీటు వెనక మందపాటి తెర వేసి క్యాబిన్‌ని విడదీయండి, అద్దానికి ఇన్సులేషన్ షీటు పెట్టండి. పైకప్పు వెంటులకి ఫోమ్ దిండ్లు దొరుకుతాయి, అవి పెట్టండి. అడుగున పైపులు, వైర్లు లోపలికొచ్చే రంధ్రాల దగ్గర అగరొత్తి వెలిగించి పట్టుకుంటే పొగ ఎటు వంగుతుందో చూసి గాలి ఎక్కడ దూరుతోందో పట్టేయొచ్చు. గ్యాస్ నిబంధనల ప్రకారం తెరిచి ఉంచాల్సిన వెంట్లని మాత్రం ఎప్పుడూ మూయకండి.

ఆ తర్వాత మూడో అడుగులోని పరీక్ష మళ్లీ చేస్తే డిగ్రీకి ఎన్ని వాట్లు తగ్గాయో కనిపిస్తుంది. ఒక్కోసారి రెండో హీటర్ అవసరమే ఉండదు.

5. ఇప్పుడు రకం ఎంచుకోండి

ముందు ఒక మాట గట్టిగా పట్టుకోండి: 1500 వాట్ల హీటర్ ఏదైనా ఇచ్చే వేడి ఒకటే. చవకదైనా ఖరీదైనదైనా, లోపల సిరామిక్ ఉన్నా, నూనె ఉన్నా, మంట బొమ్మ కనిపించే ఫైర్‌ప్లేస్ అయినా, లాగిన కరెంటంతా వేడిగానే మారుతుంది. "సగం కరెంటుతో రెట్టింపు వేడి" అన్న ప్రకటన చూస్తే ఆ హీటర్ దగ్గర ఆగకండి. రకాల మధ్య తేడా ఆ వేడి ఎంత త్వరగా, ఎటు, ఎంత చప్పుడుతో వస్తుందన్నదే.

*సిరామిక్ ఫ్యాన్ హీటర్.* ఒకటి రెండు కిలోల బరువు, అర నిమిషంలో వేడిగాలి. నిద్ర లేవగానే బండిని వేడెక్కించడానికి దీన్ని మించింది లేదు. ఇందులో పి.టి.సి. రకం పలక ఉన్నదాన్ని ఎంచుకోండి. ఆ పలక వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరిగి కరెంటు తనంతట తానే తగ్గుతుంది కాబట్టి ఫ్యాన్ ఆగిపోయినా ఎర్రగా కాలిపోదు. దీని లోపం చప్పుడు. థర్మోస్టాట్ మాటిమాటికీ ఫ్యాన్‌ని వేసి ఆపుతుంటే కొందరికి నిద్ర పట్టదు. గాలి లాగే జాలీ మీద దుమ్ము, వెంట్రుకలు పేరుకుంటాయి, వారానికోసారి దులపాలి.

*ఆయిల్ రేడియేటర్.* రాత్రికి నా మొగ్గు దీనివైపే. చప్పుడు ఉండదు, పైభాగం ఎర్రగా కాలదు, ఆగాక కూడా నూనెలో ఉన్న వేడి కాసేపు వస్తూనే ఉంటుంది. అయితే వేడెక్కడానికి అరగంట పడుతుంది. బరువు ఏడు నుంచి పది కిలోల దాకా ఉంటుంది, బండి కదిలేటప్పుడు బెల్టుతో కట్టాల్సిందే. ప్రయాణంలో పక్కకి పడుకోబెట్టారంటే, దిగాక నిలబెట్టి నూనె కిందికి దిగేదాకా ఆగి అప్పుడు ఆన్ చేయండి. నూనె కప్పని కాయిల్ కాలిపోతుంది. ఇరుకు బండిలో దీన్ని పెట్టే చోటు ముందే కొలుచుకోండి: చాలా బళ్లలో నడిచే దారి తప్ప వేరే నేల ఉండదు.

*ఇన్‌ఫ్రారెడ్.* గాలిని కాకుండా ఎదురుగా ఉన్న మనిషిని వేడి చేస్తుంది. తలుపు తెరిచి మూస్తూ ఉండే చోట, సాయంత్రం కూర్చుని చదువుకునే చోట బాగుంటుంది. చాలావాటిలో ఎర్రగా కాలే కడ్డీ ఉంటుంది కాబట్టి పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న బండిలో వద్దు. నిద్రపోయేటప్పుడు ఎవరికీ వద్దు.

*గోడకి బిగించే ప్యానెల్ కన్వెక్టర్.* నేల మీద చోటు తినదు. ఎప్పుడూ అదే బండిలో ఉండేవాళ్లకి మంచిది, కానీ పల్చటి గోడలో బిగింపు ఎక్కడ పట్టు దొరుకుతుందో తెలిసిన మనిషి చేతే పెట్టించాలి.

మీ పైకప్పు ఏసీలో హీట్ పంప్ ఉందేమో కూడా చూడండి. అది బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది కాబట్టి అదే కరెంటుకి రెండు మూడింతల వేడి ఇస్తుంది. బయట నాలుగైదు డిగ్రీల కిందికి పడితే మాత్రం చాలా పైకప్పు యూనిట్లు చేతులెత్తేస్తాయి. వసంతంలో, శరత్కాలంలో అది, గడ్డు చలిలో హీటర్.

6. హీటర్‌ని చేత్తో పట్టుకుని చూడండి

ఒరిగితే ఆగే స్విచ్, ఎక్కువ వేడెక్కితే ఆగే రక్షణ, థర్మోస్టాట్, ఈ మూడూ లేనిది కొనకండి. అడుగున భద్రతా గుర్తు వెతకండి: అమెరికా, కెనడాల్లో యు.ఎల్., ఇ.టి.ఎల్., సి.ఎస్.ఎ.లలో ఏదో ఒకటి, యూరప్‌లో సి.ఇ., భారత్‌లో ఐ.ఎస్.ఐ. ఇంటికి తెచ్చాక ఆన్ చేసి చేత్తో కొంచెం ఒరిగించి నిజంగానే ఆగుతోందా అని చూడండి.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. హుకప్‌ల దగ్గర కరెంటు పోయి రావడం మామూలే. తిప్పే నాబ్ ఉన్న హీటర్ కరెంటు రాగానే మళ్లీ మొదలవుతుంది. టచ్ బటన్లున్నది చాలాసార్లు ఆగిపోయే ఉంటుంది. తెల్లవారి లేచేసరికి బండి గడ్డకట్టి ఉంటుంది. ఆన్‌లో ఉన్నప్పుడు ప్లగ్గు లాగి, మళ్లీ పెట్టి చూస్తే మీ హీటర్ ఏ రకమో తెలిసిపోతుంది. కుక్కనో పిల్లినో లోపల ఉంచి బయటికెళ్లేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అలా వెళ్లేటప్పుడు ఎలక్ట్రిక్ హీటర్ ఆపేసి, ఫర్నేస్ థర్మోస్టాట్‌కి పని అప్పగించడమే మంచిది.

వోల్టేజీ చూపించే చిన్న మీటరు ఒకటి సాకెట్‌లో ఉంచండి. వోల్టేజీ పది శాతం పడిపోతే హీటర్ వేడి 19 శాతం పడిపోతుంది. క్యాంపు నిండిన చలిరాత్రి అందరూ హీటర్లు వేసినప్పుడు జరిగేది ఇదే. హీటర్ పాడైందనుకునే ముందు ఆ మీటరు చూడండి.

7. ప్లగ్గు ముట్టుకుని చూడండి

ఈ మొత్తంలో ఒక్క అడుగే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. హీటర్ అరగంట పూర్తి స్థాయిలో నడిచాక దాన్ని ఆపి, ప్లగ్గు లాగి, ప్లగ్గు ప్లాస్టిక్‌నీ సాకెట్ ముఖాన్నీ వేళ్లతో తాకండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే, పిన్నుల చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపిస్తే, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే ఆ సాకెట్‌ని ఇక వాడకండి. మార్పించాకే మళ్లీ.

కారణం ఇదీ. అమెరికాలో తయారైన చాలా బళ్లలో సాకెట్ వెనక వైరుని స్క్రూతో బిగించరు, లోహపు పళ్ల మధ్య నొక్కి వదిలేస్తారు. రోడ్డు మీద అదురుకి ఆ పట్టు వదులవుతుంది. వదులైన చోట నిరోధం ఓమ్‌లో పదో వంతు ఉందనుకోండి. 12.5 ఆంపులు దాని గుండా పోతే ఆ ఒక్క చుక్కంత చోటులో 15 వాట్లకి పైగా వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి అంతే, అది గోడలో చెక్క పక్కన రాత్రంతా ఉన్నట్టు. 230 వోల్టుల కోసం చేసిన 1500 వాట్ల హీటర్ 6.5 ఆంపులే లాగుతుంది కాబట్టి అక్కడ వేడి 4 వాట్లకి దిగుతుంది. 120 వోల్టుల బండి ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

హీటర్‌ని ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకండి, నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి. బయటి కేబుల్ చుట్టలో మిగిలి ఉంటే మొత్తం విప్పి నేల మీద పరవండి. చుట్టలోని పొరలు ఒకదాన్నొకటి వేడెక్కిస్తాయి, మధ్యలో కరిగిపోతుంది.

హీటర్ చుట్టూ ఒక మీటరు దాకా దుప్పటి, తెర, మంచం మీంచి జారే పక్కబట్టలు ఏవీ ఉండకూడదు. రాత్రి బాత్రూంకి లేచేవాళ్ల దారిలో పెట్టకండి. సోఫా మీదా మంచం మీదా అసలు పెట్టకండి. పొగ అలారం టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఎలక్ట్రిక్ హీటర్‌లో ఏదీ మండదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ రాదు, కానీ గ్యాస్ పరికరాలు, పక్కన జనరేటర్ ఉన్నంతకాలం కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పనిచేస్తూ ఉండాలి. చలి కాచుకోవడానికి గ్యాస్ స్టవ్ వెలిగించడం మాత్రం ఎప్పుడూ వద్దు.

చెమ్మ గురించి భయపడేవాళ్లకి మంచి కబురు: పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ ఒక కిలో ప్రొపేన్ కాలిస్తే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి బండిలోకి వదులుతుంది. ఎలక్ట్రిక్ హీటర్ ఒక్క చుక్క కూడా వదలదు. మీ ఊపిరి, వంట ఆవిరి ఉంటాయి కాబట్టి పైకప్పు వెంటుల్లో ఒకదానికి ఫోమ్ దిండు తీసి ఒక వేలు సందు తెరిచి ఉంచితే తెల్లవారి కిటికీల నుంచి నీళ్లు కారవు.

8. నీళ్ల పైపుల కోసం ఫర్నేస్‌ని మర్చిపోవద్దు

లోపల మీరు హాయిగా ఉండగా బండి కింద పైపులు పగిలే ప్రమాదం ఇక్కడ ఉంది. చాలా బళ్లలో ఫర్నేస్ గాలిలో కొంత డక్టు (గాలి గొట్టం) గుండా నీళ్ల ట్యాంకుల అరలోకి వెళ్తుంది. ఎలక్ట్రిక్ హీటర్ గదిని వెచ్చగా ఉంచేస్తే ఫర్నేస్ థర్మోస్టాట్‌కి చలి తెలియదు, ఫర్నేస్ వెలగదు, ఆ అర గడ్డకడుతుంది.

దీనికి రెండు పనులు చేయండి. హీటర్ గాలి ఫర్నేస్ థర్మోస్టాట్ వైపు తగలకుండా తిప్పండి. బయట సున్నాకి దగ్గరవుతున్న రాత్రి, ఫర్నేస్ కూడా గంటకి రెండు మూడుసార్లు వెలిగేలా హీటర్‌ని తగ్గించి పెట్టండి. దానికి గ్యాస్ కొంచెం ఖర్చవుతుంది, పగిలిన పైపుతో పోలిస్తే అది లెక్కలోది కాదు.

ట్యాంకుల అరలోకి డక్టు లేని బండి అయితే, అక్కడ 60 వాట్ల ట్యూబ్ హీటర్ ఒకటి బిగించండి. 3 డిగ్రీల దగ్గర ఆన్ అయ్యి 7 దగ్గర ఆగే థర్మోస్టాట్ ప్లగ్గుకి దాన్ని కలపండి. థర్మామీటర్ సెన్సర్‌ని అరలో అన్నిటికన్నా చల్లగా ఉండే మూల, సాధారణంగా బయటి తలుపు పక్కన, పైపుకి టేపుతో అతికించి డిస్‌ప్లేని మంచం దగ్గర పెట్టుకోండి. ఆ 60 వాట్లని కూడా మొదటి అడుగులో రాసిన జాబితాలో కలపండి.